వీఎం డిస్క్ ఇమేజ్‌లు పెట్టడానికి గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ మంచిదా, సెఫ్‌ఎఫ్‌ఎస్ మంచిదా?

మీ దగ్గర ఉన్నది మూడు సర్వర్లు, ఒక్కోదాంట్లో 2 టీబీ ఎస్‌ఎస్‌డీలు నాలుగేసి, మధ్యలో 10 గిగాబిట్ నెట్‌వర్క్. కేవీఎం (లినక్స్‌లోని వర్చువలైజేషన్) మీద ముప్ఫై దాకా వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు, నడుస్తున్నాయి, వాటి ఇమేజ్‌లు ఇప్పటికి లోకల్ డిస్కుల్లో క్యూకౌ2 (వీఎం డిస్కుని ఒక ఫైలుగా దాచే ఫార్మాట్) ఫైళ్లుగా ఉన్నాయి. లైవ్ మైగ్రేషన్ (వీఎం ఆపకుండా ఇంకో సర్వర్‌కి మార్చడం) కావాలి, ఒక సర్వర్ పడిపోయినా డేటా అందుబాటులో ఉండాలి. పలు సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే ఫైల్ సిస్టమ్‌గా చూపేవాటిలో దీనికి గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ పెట్టాలా, సెఫ్‌ఎఫ్‌ఎస్ పెట్టాలా అని అడిగారు.

అక్కడ ఉండబోయేవి వీఎం ఇమేజ్‌లు మాత్రమే అయితే రెండూ వద్దు. సెఫ్ పెట్టండి, కానీ దాని ఫైల్ సిస్టమ్ కాదు, ఆర్‌బీడీ అనే బ్లాక్ డివైస్ (వీఎంకి నేరుగా డిస్కులా కనిపించే) పొర వాడండి. ఫైళ్లుగానే ఉండి తీరాలన్న కారణం ఏదైనా ఉంటే గ్లస్టర్ ఎలా పెట్టాలో కింద రాశాను.

ఎందుకో చెబుతాను. ఫైల్ సిస్టమ్ ఇచ్చే డైరెక్టరీలు, పర్మిషన్లు, ఒకే ఫైలుని పదిమంది తెరిచే వీలు, ఇవేవీ వీఎం డిస్కుకి అక్కర్లేదు. అది ఒక పెద్ద ఫైలు. దాన్ని మామూలుగా ఒక సమయంలో ఒక్క క్యూఎమూ (వీఎంని నడిపే ప్రోగ్రామ్) ప్రాసెస్సే తెరుస్తుంది, రోజంతా 4 కేబీ, 16 కేబీ ముక్కలు ఎక్కడ పడితే అక్కడ రాస్తూ ఉంటుంది. కావలసిన ఫైల్ సిస్టమ్ గెస్ట్ (వీఎంలో నడిచే ఓఎస్) లోపల ఎలాగూ ఉంది. దాని కింద ఇంకోటి పెడితే ఇంకో వరస మెటాడేటా, ఇంకో వరస లాకులు, ఫలితం లేని బరువు. సెఫ్‌ఎఫ్‌ఎస్‌లో డేటా నేరుగా ఓఎస్‌డీలకే (ఒక్కో డిస్కునీ చూసుకునే సెఫ్ సర్వీసులు) వెళ్లినా, ఫైలు మీద హక్కులు మాత్రం ఎండీఎస్ అనే మెటాడేటా సర్వర్ ఇవ్వాలి. డిఫాల్ట్ ప్రకారం ఒక క్లయింట్ నుంచి 300 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే ఎండీఎస్ దాన్ని బయటికి నెట్టేసి బ్లాక్‌లిస్టులో పెడుతుంది. ఆ హోస్ట్ మీదున్న వీఎంలన్నిటికీ ఒక్కసారిగా ఐఓ ఎర్రర్లు మొదలవుతాయి. ఆర్‌బీడీలో ఎండీఎస్ ప్రసక్తే లేదు. ఇమేజ్‌ని 4 ఎంబీ ఆబ్జెక్టులుగా విడగొడుతుంది, ఏ ఆబ్జెక్టు ఏ డిస్కు మీద ఉందో క్లయింటే క్రష్ అనే సెఫ్ సూత్రంతో లెక్కేసి తేల్చుకుంటుంది. స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డిస్కు ఉన్న స్థితి), క్లోన్లు ఆ పొరలోనే దొరుకుతాయి.

మిగతా పేర్లు కూడా చర్చల్లో వస్తుంటాయి కాబట్టి ఒక్క మాట. హడూప్ వాడే హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో ఫైలు మధ్యలో మార్చి రాయడం కుదరదు, కాబట్టి వీఎం డిస్కుకి అసలు పనికిరాదు. ఆబ్జెక్ట్ స్టోరేజ్ బకెట్‌ని ఫ్యూజ్‌తో మామూలు డైరెక్టరీలా మౌంట్ చేసి అందులో ఇమేజ్ పెట్టడం కూడా అంతే, చిన్న ముక్క మారినా ఆబ్జెక్టు మొత్తం తిరిగి రాయాలి. సూపర్ కంప్యూటర్లలో వాడే లస్టర్ పెద్ద ఫైళ్లని వరసగా చదవడానికి, రాయడానికి తయారైంది. ఈ పనికి దాన్ని తేవద్దు.

ఇక అసలు సంగతికి వస్తే, ఇలాంటి స్టోరేజ్ మీద వీఎంలు నత్తనడక నడుస్తున్నాయంటే చాలాసార్లు తప్పు బ్యాండ్‌విడ్త్‌ది కాదు, ఫ్లష్‌ది, అంటే క్యాష్‌లో ఉన్నది డిస్కు మీద ఖాయంగా రాయమనే ఆదేశానిది. గెస్ట్‌లో డేటాబేస్ ఒక కమిట్ చేసిందనుకోండి. గెస్ట్ కెర్నల్ డిస్కుకి ఫ్లష్ పంపుతుంది, అది వర్ట్‌ఐఓ (గెస్ట్‌కీ క్యూఎమూకీ మధ్య ఉండే డిస్కు దారి) మీదుగా క్యూఎమూకి వస్తుంది, అక్కడి నుంచి నెట్‌వర్క్ మీద ప్రైమరీ ఓఎస్‌డీకి చేరుతుంది. ప్రైమరీ మిగతా రెండు ఓఎస్‌డీలకి పంపుతుంది. ముగ్గురూ తమ డిస్కు మీద ఖాయంగా రాశాకే జవాబు వెనక్కి బయలుదేరుతుంది. ఈ చక్రానికి 1 మిల్లీసెకను పడితే, ఒకదాని తర్వాత ఒకటిగా కమిట్ చేసే ప్రోగ్రామ్‌కి సెకనుకి 1000 కమిట్లే గరిష్ఠం. 4 మిల్లీసెకన్లు పడితే 250. ఎన్ని డిస్కులు కలిపినా ఈ ఒక్క వరస వేగం పెరగదు. వీఎంలన్నీ కలిసి చేసే మొత్తం పని పెరుగుతుంది, అంతే. లోకల్ ఎన్‌వీఎంఈ డిస్కు మీద నడిచిన డేటాబేస్‌ని ఇక్కడికి తెచ్చి అదే వేగం ఆశించకూడదు.

అందుకే డిస్కు రకం చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. మీ ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినా క్యాష్‌లో ఉన్నది ఫ్లాష్ మీద రాసుకునే కెపాసిటర్లు, అంటే పవర్ లాస్ ప్రొటెక్షన్, ఉన్నాయా లేదా? ఉంటే డ్రైవ్ తన క్యాష్‌లోకి తీసుకోగానే "రాశాను" అని ధైర్యంగా చెప్పగలదు. లేకపోతే ప్రతి ఫ్లష్‌కీ నిజంగా ఫ్లాష్ దాకా వెళ్లి రావాలి. డబ్బా మీద లక్షల ఐఓపీఎస్ (సెకనుకి చేసే చదవడాలు, రాయడాలు) అని రాసున్న డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ ఈ పరీక్షలో సెకనుకి కొన్ని వందలకి పడిపోవడం మామూలే. సెఫ్ పెట్టకముందే ఒక్కో డిస్కునీ ఎఫ్‌ఐఓ అనే డిస్కు పరీక్ష ప్రోగ్రామ్‌తో విడిగా కొలవండి: ర్యాండమ్ రైట్, బ్లాక్ సైజు 4 కేబీ, క్యూ డెప్త్ 1 (ఒకసారికి ఒక్క రైటే), డైరెక్ట్ 1 (ఓఎస్ మెమరీ క్యాష్ తప్పించి), ప్రతి రైట్ తర్వాత ఎఫ్‌సింక్ (ఫ్లష్), కనీసం 60 సెకన్లు. ఈ పరీక్ష డిస్కు మీదున్నది చెరిపేస్తుంది కాబట్టి ఖాళీ డిస్కు మీదే చెయ్యండి. ఇందులో నెగ్గని డిస్కుని ఏ సెట్టింగూ కాపాడలేదు. తర్వాత అదే పరీక్ష గెస్ట్ లోపల చేస్తే నెట్‌వర్క్, కాపీలు కలిసి ఎంత కలుపుతున్నాయో తెలిసిపోతుంది. పెద్ద బ్లాకుతో వరస రైట్ కొలిచి "సెకనుకి 900 ఎంబీ వస్తోంది" అని సంతోషపడితే వీఎంల గురించి ఏమీ తెలియనట్టే.

సామర్థ్యం లెక్క కూడా ముందే వేసుకోండి, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. మొత్తం 12 డిస్కులు, 24 టీబీ. మూడు కాపీలంటే 8 టీబీ. సెఫ్ 85 శాతం దగ్గర నియర్‌ఫుల్ హెచ్చరిక ఇస్తుంది, 90 దాటిన ఓఎస్‌డీకి బ్యాక్‌ఫిల్ (కాపీలు తిరిగి నింపడం) ఆపేస్తుంది, 95 దగ్గర రైట్లే ఆపేస్తుంది. అంటే 6.8 టీబీ వాడుకోవచ్చు అనిపిస్తుంది, కానీ కాదు. మూడే సర్వర్లు, కాపీలూ మూడే కాబట్టి ప్రతి సర్వర్‌లో ఒక పూర్తి కాపీ ఉండి తీరాలి. ఒక సర్వర్‌లో ఒక్క డిస్కు పోతే దాని మీది డేటా అదే సర్వర్‌లో మిగిలిన మూడు డిస్కుల మీద సర్దుకోవాలి. 70 శాతం నిండి ఉంటే అవి 93 దాకా ఎక్కుతాయి, కోలుకోవడం మధ్యలోనే ఆగిపోతుంది. 85 దాటకూడదంటే మామూలు రోజుల్లో వాడకం 63 శాతం లోపు ఉండాలి. అంటే మీ 24 టీబీలో నిజంగా వాడుకోదగ్గది 5 టీబీ. థిన్ ప్రొవిజనింగ్‌తో (రాసినప్పుడే స్థలం ఇచ్చే పద్ధతి) దీనికి మించి వీఎంలకి పంచవచ్చు, కానీ అప్పుడు నిండుదల మీద అలారం ఉండి తీరాలి. క్లస్టర్ ఫుల్ అయితే గెస్ట్‌కి "స్థలం లేదు" అన్న కబురు కూడా రాదు, రైట్లు అలాగే వేలాడుతుంటాయి, వీఎంలన్నీ ఒకేసారి బిగుసుకుపోతాయి.

సెఫ్ పూల్‌కి సైజ్ 3 (మొత్తం కాపీలు), మిన్‌సైజ్ 2 (రాయడానికి ఉండాల్సిన కనీస కాపీలు), ఫెయిల్యూర్ డొమైన్ హోస్ట్ (ఒక్కో కాపీ ఒక్కో సర్వర్‌లో). ఈ మూడింటి జోలికి పోవద్దు. సర్వర్ పోయినప్పుడు తొందరపడి మిన్‌సైజ్ 1 చేయమని సలహాలు వస్తాయి. ఒకే కాపీ మీద రాస్తుండగా ఆ డిస్కు కూడా పోతే అప్పటిదాకా రాసింది శాశ్వతంగా పోతుంది. స్థలం మిగులుతుందని ఎరేజర్ కోడింగ్ (పూర్తి కాపీలకి బదులు ముక్కలు, పారిటీ దాచే పద్ధతి) వైపు చూడకండి. 4 కేబీ మార్చడానికి స్ట్రైప్‌లోని పాత ముక్కలు చదివి, పారిటీ మళ్లీ లెక్కేసి, అన్నీ తిరిగి రాయాలి. పైగా 4+2 (నాలుగు డేటా ముక్కలు, రెండు పారిటీ ముక్కలు) అమరికకి హోస్ట్ స్థాయిలో ఆరు సర్వర్లు కావాలి. మెమరీ విషయంలో, బ్లూస్టోర్ (సెఫ్ డిస్కు మీద డేటా దాచే విధానం) వాడే ఓఎస్‌డీ ఒక్కోటి డిఫాల్ట్‌గా 4 జీబీ లక్ష్యం పెట్టుకుంటుంది. సర్వర్‌కి నాలుగంటే 16 జీబీ, కోలుకునే సమయంలో ఇంకొంచెం. అవే సర్వర్ల మీద వీఎంలూ నడుస్తాయి కాబట్టి ఈ మెమరీని వీఎంలకి పంచకుండా పక్కన పెట్టండి. మెమరీ చాలక కెర్నల్ ఓఎస్‌డీని చంపేస్తే, రికవరీ బరువు మిగతావాటి మీద పడి అవీ కూలే ప్రమాదం ఉంది.

ఆర్‌బీడీ మీద ఇమేజ్ రా ఫార్మాట్‌లోనే (డిస్కులోని బైట్లు ఉన్నవున్నట్టు) ఉండాలి. అక్కడ క్యూకౌ2 పెట్టొద్దని సెఫ్ డాక్యుమెంటేషన్ కూడా స్పష్టంగానే చెబుతుంది. స్నాప్‌షాట్, థిన్ ప్రొవిజనింగ్ కింద ఎలాగూ ఉన్నాయి, పైన మళ్లీ అదే పని చేయిస్తే రెట్టింపు రాతలు తప్ప లాభం లేదు. క్యాష్ మోడ్ దగ్గర క్యూఎమూ ఇచ్చే మాటే చెల్లుతుంది: రైట్‌బ్యాక్ అంటే ఆర్‌బీడీ క్యాష్ పనిచేస్తుంది, నన్ అంటే ఆగిపోతుంది. రైట్‌బ్యాక్ ఇక్కడ భద్రమే, ఎందుకంటే గెస్ట్ ఫ్లష్ అడిగినప్పుడు క్యాష్ ఖాళీ అయ్యాకే జవాబిస్తుంది. గెస్ట్ నుంచి మొదటి ఫ్లష్ వచ్చేదాకా రైట్‌త్రూగానే (ప్రతి రాతా వెంటనే డిస్కుకి) నడిచే జాగ్రత్త కూడా డిఫాల్ట్‌గా ఉంది. అన్‌సేఫ్ మోడ్ మాత్రం ఫ్లష్‌ని పట్టించుకోదు, దాన్ని ముట్టుకోవద్దు. డిస్కుని వర్ట్‌ఐఓ-స్కజీగా పెట్టి డిస్కార్డ్ అన్‌మ్యాప్ ఇవ్వండి, గెస్ట్‌లో వారానికోసారి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (ఖాళీ అయిన స్థలాన్ని కిందికి తెలిపే కమాండ్) నడిచేలా చూడండి. లేకపోతే గెస్ట్‌లో చెరిపేసిన ఫైళ్ల స్థలం కింద ఎప్పటికీ తిరిగి రాదు, మీ 5 టీబీ చూస్తుండగానే కరిగిపోతుంది.

ఇక గ్లస్టర్. దాని భవిష్యత్తు చూసి నేను కొత్తగా పెట్టమని చెప్పను. రెడ్ హ్యాట్ తన గ్లస్టర్ స్టోరేజ్ ఉత్పత్తికి 2024 చివరితో సపోర్ట్ ముగించింది, క్యూఎమూ 9.2 నుంచి గ్లస్టర్ డ్రైవర్ డెప్రికేట్ అయింది, వీఎంలు నడిపే వేదిక ప్రాక్స్‌మాక్స్ 9 దాన్ని తీసేసింది. అయినా ఇప్పటికే గ్లస్టర్ నడుపుతున్నవాళ్లు, ఫైళ్లుగానే కావాలన్నవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం కొంచెం వివరంగా.

రెప్లికా 2 తో వీఎం ఇమేజ్‌లు పెట్టకండి. ఒక సర్వర్ లేనప్పుడు రెండోదాని మీద రాతలు పడతాయి, తర్వాత అటుది ఇటైతే రెండోవైపు రాతలు పడతాయి. కలిసినప్పుడు ఒకదాన్నొకటి తప్పు పట్టుకుంటాయి, ఫైలు తెరిస్తే ఐఓ ఎర్రర్. మామూలు డాక్యుమెంట్ అయితే రెండూ తెరిచి చూసి ఒకటి ఉంచుకోవచ్చు. ఇక్కడ ఆ ఫైలంటే ఒక వీఎం డిస్కు మొత్తం. రెండువైపులా వేర్వేరు చోట్ల మారిన డిస్కుని కలపడం ఎవరి తరమూ కాదు, ఒకవైపు రాతలు వదులుకోవాల్సిందే. కాబట్టి రెప్లికా 3, లేదా రెండు డేటా కాపీలు, ఒక ఆర్బిటర్. ఆర్బిటర్ దగ్గర పేర్లు, గుణాలే ఉంటాయి, డేటా ఉండదు. తగవు తీరుస్తుంది కానీ మూడో కాపీ అనుకోవద్దు. క్లయింట్ కోరం (రాయడానికి ఉండాల్సిన మెజారిటీ) ఆటో, సర్వర్ కోరం ఆన్.

వాల్యూమ్ సృష్టించగానే, ఒక్క ఇమేజ్ కూడా పెట్టకముందే, వర్ట్ గ్రూప్ (వీఎంల కోసం గ్లస్టర్ సిద్ధంగా ఇచ్చే) సెట్టింగులు పెట్టండి. ఒక్క కమాండ్‌తో క్విక్-రీడ్, రీడ్-అహెడ్, ఐఓ-క్యాష్ ఆగిపోతాయి, కోరంలు పడతాయి, షార్డింగ్ (ఇమేజ్‌ని ముక్కలుగా దాచడం) మొదలవుతుంది. రిమోట్-డీఐఓ డిసేబుల్ అయి, స్ట్రిక్ట్-ఓ-డైరెక్ట్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూసుకోండి. పాత ప్రొఫైళ్లలో ఇది తిరగబడి ఉండేది, అప్పుడు క్యూఎమూ అడిగిన డైరెక్ట్ ఐఓ బ్రిక్ (సర్వర్‌లో గ్లస్టర్ డేటా ఉండే డైరెక్టరీ) దాకా చేరదు.

షార్డింగ్ లేకపోతే ఏమవుతుందంటే, ఒక సర్వర్ పది నిమిషాలు రీబూట్‌కి వెళ్లొచ్చినా, ఆ పది నిమిషాల్లో మారిన ప్రతి ఇమేజ్‌నీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సరిచూసి బాగుచేయాలి. 500 జీబీ ఇమేజ్‌లో 1 జీబీ మారినా 500 జీబీ చదవాలి. షార్డింగ్‌లో 64 ఎంబీ ముక్కలు కాబట్టి మారిన ముక్కలే హీల్ అవుతాయి. 80 జీబీ ఇమేజ్ అంటే 1280 ముక్కలు. వీటిలో మొదటి ముక్క మాత్రమే ఇమేజ్ పేరుతో ఉంటుంది, మిగతావన్నీ బ్రిక్‌లో చుక్క-షార్డ్ అనే దాచిన డైరెక్టరీలో, ఫైలు జీఎఫ్‌ఐడీ (గ్లస్టర్ ఇచ్చే గుర్తింపు), ఒక చుక్క, వరస సంఖ్య, ఈ రూపంలో ఉంటాయి. బ్రిక్‌లోకి వెళ్లి చూస్తే 80 జీబీ ఇమేజ్ 64 ఎంబీగా కనిపిస్తుంది, కంగారు పడకండి. కానీ బ్యాకప్ స్క్రిప్ట్ బ్రిక్ నుంచి నేరుగా కాపీ చేస్తుంటే మాత్రం కంగారు పడాల్సిందే, ఇన్నాళ్లూ మీకు వచ్చింది మొదటి 64 ఎంబీయే. ఎప్పుడైనా మౌంట్ పాయింట్ నుంచే చదవాలి. ఒకసారి ఆన్ చేసిన షార్డింగ్‌ని, అందులో ఇమేజ్‌లు ఉండగా ఆఫ్ చేయకండి. గ్లస్టర్ మొదటి ముక్కనే మొత్తం ఫైలు అనుకుంటుంది, నడుస్తున్న వీఎం డిస్కు పాడవుతుంది. ఒకప్పటి వెర్షన్లలో షార్డ్ ఉన్న వాల్యూమ్‌కి బ్రిక్‌లు కలిపి, వీఎంలు నడుస్తుండగా రీబ్యాలెన్స్ (డేటాని బ్రిక్‌ల మధ్య తిరిగి పంచడం) చేస్తే ఇమేజ్‌లు చెడిపోయిన బగ్ కూడా ఉండేది. పాత వెర్షన్ మీదుంటే వీఎంలు ఆపకుండా రీబ్యాలెన్స్ జోలికి వెళ్లకండి.

బ్యాండ్‌విడ్త్ విషయంలో గ్లస్టర్‌కీ సెఫ్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. సెఫ్‌లో క్లయింట్ ఒక్కసారి పంపితే కాపీలు ఓఎస్‌డీల పని. గ్లస్టర్‌లో మూడు కాపీలూ క్లయింటే పంపాలి. 10 గిగాబిట్ అంటే సెకనుకి 1.25 జీబీ, దాన్ని మూడుతో భాగిస్తే ఒక హోస్ట్ నుంచి రాయగలిగేది సుమారు 400 ఎంబీ. ఒక కాపీ అదే సర్వర్‌లో ఉంటే కొంత మిగులుతుంది.

గ్లస్టర్ మీద క్యూఎమూ క్యాష్ మోడ్ నన్ మాత్రమే పెట్టండి. లైవ్ మైగ్రేషన్‌లో కాసేపు రెండు హోస్టులూ అదే ఇమేజ్ తెరిచి ఉంచుతాయి. వీఎం చేరబోయే హోస్ట్ పేజ్ క్యాష్‌లో (ఓఎస్ మెమరీలో ఉంచుకునే ఫైలు కాపీ) పాత డేటా ఉంటే, వీఎం అక్కడ మేల్కొని పాతదాన్నే కొత్తదనుకుని చదివి, దాని మీదే రాస్తుంది. వీఎంలని నిర్వహించే లిబ్‌వర్ట్ "సురక్షితం కాదు" అని మైగ్రేషన్‌ని ఆపితే అన్‌సేఫ్ ఫ్లాగ్ ఇచ్చి ముందుకు తోయకండి, క్యాష్ మోడ్ మార్చండి. స్నాప్‌షాట్లు అక్కర్లేకపోతే రా పెట్టండి. కావాలంటే క్యూకౌ2ని మెటాడేటా ప్రీఅలొకేషన్‌తో (లోపలి పట్టికలు ముందే సిద్ధం చేసి) తయారు చేయండి. క్యూకౌ2 క్లస్టర్ 64 కేబీ. బ్యాకింగ్ ఫైల్ (మార్పులకి కింద ఉండే మూల ఇమేజ్) మీద 4 కేబీ రాయాలన్నా మొదటిసారి 64 కేబీ చదివి 64 కేబీ రాయాల్సి వస్తుంది, అదంతా నెట్‌వర్క్ మీదే. ఏ డేటా ఫైలులో ఎక్కడుందో చెప్పే ఎల్2 టేబుల్ క్యాష్ 1 ఎంబీకి 8 జీబీ డిస్కు కవర్ అవుతుంది. క్యూఎమూ 3.1 నుంచి లినక్స్‌లో గరిష్ఠ డిఫాల్ట్ 32 ఎంబీ, అంటే 256 జీబీ. అంతకన్నా పెద్ద డిస్కు మీద చెల్లాచెదురుగా చదివే వీఎం ఉంటే ఈ క్యాష్ పెంచండి. లేకపోతే ప్రతి తప్పిపోయిన ఎంట్రీకీ నెట్‌వర్క్‌లో ఇంకో ప్రయాణం.

ఏది పెట్టినా ఒక సర్వర్ ఉన్నట్టుండి మూగబోతే కాసేపు ఐఓ ఆగుతుంది, దాన్ని తప్పించలేరు. గ్లస్టర్ పింగ్-టైమవుట్ డిఫాల్ట్ 42 సెకన్లు, సెఫ్ ఓఎస్‌డీ హార్ట్‌బీట్ గ్రేస్ 20 సెకన్లు. లినక్స్ గెస్ట్‌లో డిస్కు కమాండ్ టైమవుట్ 30 సెకన్లు. డిస్కుని ఐడీఈ లేదా సాటాగా ఇచ్చి ఉంటే 42 సెకన్ల మౌనంలో గెస్ట్ ఎర్రర్ తేల్చేయవచ్చు, అప్పుడు ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిపోతుంది, స్టోరేజ్ కోలుకున్నాక కూడా వీఎం కోలుకోదు. వర్ట్‌ఐఓ డిస్కు అయితే ఓపిగ్గా ఎదురుచూస్తుంది. అందుకే పాత వీఎంలని ఇక్కడికి తెచ్చేముందు బస్సు రకం మార్చండి. గ్లస్టర్ టైమవుట్‌ని 20 దాకా దించవచ్చు. 5కి దించితే నెట్‌వర్క్ కాస్త తుమ్మినా బ్రిక్‌ని వదిలేసి, మళ్లీ కలిసి, హీల్ మొదలుపెట్టి, ఉన్న కష్టం పెంచుతుంది.

జంబో ఫ్రేములు (9000 బైట్ల పెద్ద ప్యాకెట్లు) పెడితే ప్రతి సర్వర్‌లో, ప్రతి స్విచ్ పోర్టులో ఒకటే ఉండాలి. ఒక్క పోర్టు 1500 దగ్గర మిగిలిపోతే చిన్న ప్యాకెట్లు పోతాయి, పింగ్ బాగుంటుంది, హార్ట్‌బీట్ కూడా బాగుండవచ్చు, పెద్ద రైట్లు మాత్రం కదలవు. ముక్కలు చేయొద్దన్న ఫ్లాగ్‌తో 8972 బైట్ల పింగ్ ప్రతి జత మధ్యా, రెండు దిక్కులా చేసి చూడండి. 9000లో 28 హెడర్లకి పోతాయి.

వీఎంలు ఎక్కించకముందు ఒక పరీక్ష వీఎంలో ఎఫ్‌ఐఓ నడుస్తుండగా ఒక సర్వర్ పవర్ తీసేయండి. ఇంకోసారి పవర్ కాకుండా నెట్‌వర్క్ కేబుల్ మాత్రమే తీయండి. షట్‌డౌన్ కమాండ్ ఇస్తే పరీక్ష కాదు, ఎందుకంటే అప్పుడు సర్వీసులు "వెళ్తున్నాం" అని చెప్పి మరీ వెళ్తాయి, టైమవుట్ అసలు మొదలే కాదు. ఎన్ని సెకన్లు ఆగిందో, గెస్ట్ డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) ఎర్రర్ వచ్చిందో లేదో రాసుకోండి. సెఫ్ మరో 600 సెకన్లు ఆగి ఆ ఓఎస్‌డీలని అవుట్ చేస్తుంది, అంటే లెక్కలోంచి తీసేస్తుంది. మీకు నాలుగో సర్వర్ లేదు కాబట్టి మూడో కాపీ ఎక్కడా పుట్టదు, క్లస్టర్ డీగ్రేడెడ్ అని చూపిస్తూనే పనిచేస్తుంది. అది సరైన ప్రవర్తనే. పడిపోయిన సర్వర్ మీద నడుస్తున్న వీఎంలు వాటంతటవే ఇంకో హోస్ట్ మీద లేవవు, దానికి హెచ్‌ఏ మేనేజర్ (పడిన వీఎంలని తిరిగి లేపేది), ఫెన్సింగ్ (పాత హోస్ట్‌ని బలవంతంగా ఆపడం) విడిగా కావాలి. ఫెన్సింగ్ లేకుండా చేత్తో లేపాల్సి వస్తే, పాత హోస్ట్ నిజంగా ఆరిపోయిందో లేదో కళ్లతో చూశాకే లేపండి.

ఇమేజ్‌లు మార్చేటప్పుడు వీఎం ఆపి, క్యూఎమూ-ఇమేజ్ చెక్‌తో పాత క్యూకౌ2 బాగుందో లేదో చూసి, కన్వర్ట్‌తో రాగా ఆర్‌బీడీలోకి నేరుగా రాయించి, కంపేర్‌తో సరిచూడండి. వీఎం ఆపే వీల్లేకపోతే లిబ్‌వర్ట్ బ్లాక్‌కాపీతో నడుస్తుండగానే మార్చవచ్చు, కానీ రాతలు తక్కువున్న వేళ చూసుకోండి. బ్యాకప్ మునుపటిలాగే, ఈ క్లస్టర్‌కి బయట, ఉండాలి. మూడు కాపీలున్నా గెస్ట్‌లో చెరిపింది మూడింటిలోనూ చెరిగిపోతుంది. గెస్ట్ ఏజెంట్‌తో ఫైల్ సిస్టమ్ ఫ్రీజ్ చేసి స్నాప్‌షాట్ తీసి, ఎక్స్‌పోర్ట్-డిఫ్‌తో మారిన భాగం మాత్రం బయటికి పంపుతూ ఉండండి. పాత క్యూకౌ2 ఫైళ్లని ఒక బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసి చూసేదాకా తీసేయకండి, కానీ పేరు మార్చి, పాత వీఎం నిర్వచనం తొలగించి ఉంచండి. లేకపోతే హోస్ట్ రీబూట్ అయినప్పుడు ఆటోస్టార్ట్‌లో ఉన్న పాత వీఎం అదే ఐపీ అడ్రస్‌తో లేచి కూర్చుంటుంది.